ప్రయాణమునకు ముందు



1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు భిలాయి ఉక్కు కర్మాగారమునకై ఒడంబడిక చేసికొన్నవి. పలువురు ఇంజనీరులు తర్ఫీదుకై సోవియట్ దేశమునకు వెళ్లిరి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఇవి చరిత్రకెక్కినవి, ఆ ప్రయాణములకు ముందు ఇండ్లలో జరిగిన సన్నాహము మాత్రము ఎక్కలేదు.

అట్టి యొక తెలుగు ఇంటిని భావింపుడు. వసారాలో భర్త రష్యను అక్షరములు దిద్దుచున్నాడు. ప్రక్కనే కుమారుడు పలకపై ఓనమాలు దిద్దుచున్నాడు. ఇల్లాలు కందిపొడి కొట్టి, మాగాయ సీసాకు మూత బిగించి, గుడ్డ కట్టుచున్నది. సాయంకాలమున భర్త గురువగును. మనియార్డరు ఫారము నింపుట, బ్యాంకు పుస్తకము చూచుట, దుర్గు బజారులో హిందీలో బేరమాడుట ఆమె నేర్చును.

“నా సంతకము చెల్లునా అండీ?”

“ఇకమీదట ఈ యింటికి నీ సంతకమే సంతకము.”

అతడు కొలిమి నడుపుట నేర్చి రావలసియున్నది; ఆమె సంసారము నడుపుట ఆనాడే మొదలైనది. అతడు తిరిగివచ్చిన పిదప ఆ బ్యాంకు పుస్తకమును ఆమె చేతినుండి మరల తీసికొనకుండుటయే ఆమెకు తగిన గౌరవము.