తరగతిలో నోరెవరిది?

(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీచరు కుర్చీలో మనవాళ్ళు కూడా కూర్చున్నారు గదా, ఇక బడి మారినట్టే అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. హైస్కూల్లో పాఠం పైకి చదివేదెవరు? లీడరెవరు? ఆగస్టు పదిహేనున మైకు ముందు నిలబడేదెవరు? ఊళ్ళో ఏ వరసో, చాలాచోట్ల బెంచీల మీదా అదే వరస. సంతలో గట్టిగా బేరమాడే వాడ పిల్ల తరగతిలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. మాట రాక కాదు. ఆ పిల్ల నోట్సు తీసి, ఇంటి మాట మీద ఎన్ని ఎర్రసిరా గీతలు పడ్డాయో చూడండి.

1855లో ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు పిల్ల ముక్తా సాల్వే, మాంగు, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' అనే మరాఠీ పత్రిక అచ్చేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా మతమేదో చెప్పమని దేవుణ్ణే నిలదీసింది. ఆ పిల్లకు 'ఆవు' మీద పది వాక్యాలు రాయడమే నేర్పి ఉంటే ఆ వ్యాసం మనకు దక్కేదా?

మేం వ్యాసానికి నాలుగు అంశాలిచ్చి, అయిదోది 'నీ ఇష్టం' అంటాం. మొదట్లో అందరూ గైడులో ఉన్నదే దించుతారు. ఓపిక పట్టాలి. తర్వాత ఒకడు డప్పు గురించి రాస్తాడు: తోలు సున్నంలో నానేయడం, వెంట్రుకలు ఊడదీయడం, వాయించేముందు మంట దగ్గర కాచడం. అందులో రసాయన శాస్త్రం ఉంది, సైన్సు సారుకు చూపించండి. అయితే ఒకటి. మాదిగ పిల్లవాణ్ణి పిలిచి 'నువ్వు డప్పు గురించి రాయరా' అనడం ఇష్టమివ్వడం కాదు, వెట్టికి కొత్త పేరు. వాడు క్రికెట్ గురించి రాస్తానంటే రాయనివ్వాలి.

చర్చ పెడితే ఎప్పుడూ చెయ్యెత్తేవాళ్ళే ఎత్తుతారు. ముందు పేర్లు లేకుండా చీటీలు రాయించండి. ఇద్దరిద్దర్ని మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాతే అందరి ముందు. మా చీటీల్లో వచ్చిన ప్రశ్నలు వినండి: 'స్కాలర్‌షిప్పప్పుడు మా కులం పేరు గట్టిగా ఎందుకు పిలుస్తారు?' 'ఊడ్చే వంతు మాకే ఎందుకు?' ఈ చీటీలు జేబులో పెట్టుకుంటే ఆ పిల్లలు మళ్ళీ రాయరు. మేం రోల్ నంబరు ప్రకారం ఊడ్చే వంతులు రాసి గోడకు అంటించాం. స్కాలర్‌షిప్ వివరాలు ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి రాసుకుంటున్నాం.

'మరి సిలబస్సు?' అంటారు హెడ్మాస్టర్లు. అడిగేది వారానికి ఒక్క పీరియడే. పిల్లలకు తమ సంగతుల్లో అభిప్రాయం చెప్పే హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. మన ప్రభుత్వం 1992లో ఒప్పుకుంది కూడా. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

వచ్చే తల్లిదండ్రుల మీటింగులో పిల్లల రాతలు పిల్లలచేతే చదివిద్దాం. వాడ నుంచి అమ్మలొస్తారు. కుర్చీలు అందరికీ వేయించండి.