కొండగోరింకకు కెమెరా గురిపెట్టే ముందు



ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి జగదల్‌పూర్ ముఖ్య పట్టణం. దానికి సమీపంలో కాంగేర్ లోయ జాతీయోద్యానం ఉంది. 1982లో ఏర్పడిన ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి ఎత్తయిన చెట్ల మీద కొండగోరింక కనిపిస్తుంది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, నారింజ రంగు ముక్కు, కంటి వెనుక పసుపుపచ్చని తోలు మడతలు, రెక్క విప్పితే తెల్లని మచ్చ. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి ఇదే. దీనిని, దాని చోటనే, దానికి హాని కలగకుండా ఫోటో తీయడమెలా? ఇదే నేటి మన పాఠం.

మొదటిది వెలుతురు. కొండగోరింక చిటారు కొమ్మన కూర్చుంటే వెనుక ఆకాశం ఉంటుంది. కెమెరాలోని మీటరు ఆ ఆకాశపు కాంతిని లెక్కలోకి తీసుకుని వెలుతురును తగ్గిస్తుంది. దాంతో పక్షి నల్లని నీడలా పడుతుంది. కాబట్టి ఎక్స్‌పోజరును ఒకటి రెండు స్టాపులు పెంచాలి. పక్షి దట్టమైన ఆకుల నీడలో ఉంటే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నలుపు బూడిద రంగుగా మారుతుంది. అప్పుడు ఎక్స్‌పోజరు తగ్గించాలి. ఎగిరే పక్షికైతే షట్టరు సెకనులో వెయ్యోవంతుకు మించి తెరుచుకోకూడదు.

రెండవది దూరం. ఈ పక్షి చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. గూటి దగ్గర మనం నిలబడితే, ముక్కున మేతతో వచ్చిన తల్లి లోపలికి వెళ్లక కొమ్మ మీదే ఆగిపోవచ్చు. మనకు చక్కని భంగిమ దొరికిందనిపిస్తుంది. కాని తొర్రలో పిల్లలు ఆకలితో ఉంటాయి! అడ్డుగా ఉందని ఒక కొమ్మ విరిస్తే, గూడు ఎండకూ శత్రువుల కంటికీ చిక్కుతుంది. అందుకే పొడవైన టెలిఫోటో లెన్సు వాడాలి. 1920లలో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి అడవి బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే దాని ఫోటో అదే పడేట్టు చేశాడు. నేడు పులులను లెక్కించే కెమెరా ట్రాపులదీ ఆ పద్ధతే. అక్కడ మనిషి ఉండనవసరం లేదు.

మూడవది గూటి చిరునామా. కొండగోరింక మనిషి మాటలను అనుకరిస్తుంది. ఆ విద్యే దానికి శాపమైంది. పంజరాల కోసం గూళ్ల నుంచి పిల్లలను ఎత్తుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. మీ ఫోన్‌తో తీసిన ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉండవచ్చు. దానిని అలాగే పదిమందికీ పంపితే వేటగాడికి దారి చూపినట్లే. లొకేషన్ ఆపివేయండి. 'కాంగేర్ లోయ' అని రాస్తే చాలు, చెట్టు గుర్తులు చెప్పవద్దు.

చట్టమూ ఈ జాగ్రత్తనే కోరుతున్నది. 2022 సవరణ ప్రకారం అభయారణ్యాలలో ఫోటోలకు అనుమతి పొందినవారు వన్యప్రాణులకు గాని, వాటి ఆవాసానికి గాని చెరుపు చేయరాదు.

బస్తర్ వెళ్లేలోగా మీ కళాశాల ఆవరణలోని మామూలు గోరింకతో సాధన చేయండి. ఇరవై అడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి. అది మిమ్మల్ని చూడటం మాని మళ్లీ మేత మొదలుపెట్టాకే షట్టరు నొక్కండి. మొదలుపెట్టకపోతే మరికొంత వెనక్కి జరగండి.