పిలిపించి అడగండి: ‘ఒథెల్లో’ నాటకంలో అనుమానం



మా మాస్టారు ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు షేక్‌స్పియర్ చెప్పారు. పాత్రల గుణగణాలు అంటూ నోట్సు రాయించడం ఆయనకు నచ్చేది కాదు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో, ఎక్కడ మాట్లాడకుండా ఊరుకున్నారో చూడమనేవారు. ‘ఒథెల్లో’ నాటకాన్ని ఈరోజు అలా చూద్దామనే నా ప్రయత్నం.

కథ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఒథెల్లో వెనిస్ రాజ్యానికి సేనాని. నల్లవాడు, పరాయి దేశం నుంచి వచ్చినవాడు. సెనేటరు బ్రబాన్షియో కూతురు డెస్డెమోనా తండ్రికి చెప్పకుండా అతన్ని పెళ్లి చేసుకుంటుంది. తురుష్కుల దాడి నుంచి సైప్రస్‌ను కాపాడమని వెనిస్ పంపితే ఒథెల్లో ఆ ద్వీపానికి వెళ్తాడు, భార్య కూడా వెళ్తుంది. తనకు రావలసిన పదవిని కాసియో అనే మరో అధికారికి కట్టబెట్టారన్న కక్షతో ఇయాగో అనే అధికారి, డెస్డెమోనాకూ కాసియోకూ సంబంధం ఉందని ఒథెల్లోను నమ్మిస్తాడు. ఒథెల్లో భార్యను పడక మీదే చంపుతాడు. నిజం తెలిశాక తనను తాను పొడుచుకుంటాడు. 1604 నవంబరు 1న లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో ఈ నాటకం ఆడినట్టు దర్బారు లెక్కల్లో ఉంది.

ఈ నాటకం గురించి మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది అసూయ అనే జబ్బు ఒథెల్లో మనసులో ముందే ఉందా, ఇయాగో ఎక్కించాడా అనే చర్చ చేశారు. 1904లో విమర్శకుడు బ్రాడ్లీ, ఒథెల్లో స్వభావతః అనుమానపు మనిషి కాడన్నాడు. 1937లో మరో విమర్శకుడు లీవిస్ దాన్ని ఒప్పుకోక, ఇయాగో నోరు తెరవగానే లొంగిపోయేంత సిద్ధంగా అతనే ఉన్నాడన్నాడు. రెండు వాదాలూ చదవదగ్గవే. కానీ ఇద్దరూ ఒథెల్లో మనసులోకే తొంగిచూశారు. నాకు మాత్రం, ఈ నాటకంలో అనుమానం ఒక ఉద్వేగంగా కన్నా ఒక విచారణగా కనిపిస్తుంది. అందులో ఫిర్యాదు ఉంది, సాక్ష్యం ఉంది, తీర్పు ఉంది, శిక్ష ఉంది. ముద్దాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

దీనికి ఆధారం మొదటి అంకంలోనే ఉంది. మూడో రంగంలో, అర్ధరాత్రి వెనిస్ సెనేటు కూర్చుని ఉంటుంది. తురుష్కుల నౌకల గురించి ఉత్తరాలు వచ్చాయి. ఒక ఉత్తరంలో 107 నౌకలని, ఇంకో దాంట్లో 140 అని, మరో దాంట్లో 200 అని ఉంది. లెక్కలు కలవకపోయినా అన్నీ సైప్రస్ వైపే అంటున్నాయి కాబట్టి ఆ మేరకు నమ్మాలంటారు సెనేటర్లు. ఇంతలో ఒక నావికుడు వచ్చి, కాదు, వాళ్లు రోడ్స్ ద్వీపం వైపు పోతున్నారంటాడు. ఒక సెనేటరు ఒప్పుకోడు. తురుష్కులకు రోడ్స్ కన్నా సైప్రస్ ఎక్కువ అవసరం, గెలవడమూ తేలిక. దాన్ని వదిలి అటెందుకు పోతారు, మన చూపు మళ్లించడానికే ఈ ఎత్తు అంటాడు. కాసేపటికి అదే నిజమని వార్త వస్తుంది. తొందరలో ఉన్న పాఠకుడు ఈ ముక్కను దాటేస్తాడు. నాటకం మొత్తంలో ఒక వార్తను తూచి చూడడం అంటే ఏమిటో మనకు కనిపించేది ఇక్కడే.

వెంటనే బ్రబాన్షియో వస్తాడు. ఒథెల్లో మందూ మాకూ పెట్టి, మంత్రాలు వేసి తన కూతుర్ని లొంగదీసుకున్నాడని ఫిర్యాదు చేస్తాడు. ఆరోపణ చేసినంత మాత్రాన రుజువైపోదంటాడు వెనిస్ పాలకుడైన డ్యూక్. అప్పుడు ఒథెల్లో ఏం కోరతాడో గుర్తుపెట్టుకోండి. డెస్డెమోనాను పిలిపించండి, తండ్రి ఎదుటే ఆమెను చెప్పనివ్వండి, తప్పు నాదని తేలితే పదవితో పాటు ప్రాణమూ తీయండి అంటాడు. ఆమె వస్తుంది. నిండు సభలో నిలబడి, కన్నతండ్రి పట్ల తన బాధ్యతేమిటో, కట్టుకున్నవాడి పట్ల ఏమిటో తొణక్కుండా చెబుతుంది. కేసు తేలిపోతుంది. యుద్ధం ముంచుకొచ్చిన ఆ రాత్రి వెనిస్‌కు ఒథెల్లో అవసరం ఉంది, డ్యూక్ మెత్తబడడానికి అదీ ఒక కారణమే. అది ఒప్పుకుంటాను. అయినా ఒథెల్లో మెడ మీది నుంచి కత్తి తొలగింది ఒక ఆడమనిషి మాట విన్నారు కాబట్టే.

షేక్‌స్పియర్ ఈ కథను ఇటలీ రచయిత చింతియో 1565లో అచ్చువేసిన కథల సంపుటి నుంచి తీసుకున్నాడు. ఆ కథలో తండ్రి ఫిర్యాదు లేదు, సెనేటు విచారణ లేదు. అదంతా షేక్‌స్పియర్ కల్పించి చేర్చిందే. ఐదో అంకంలో పడకగదిలో జరగబోయే దానికి సరిజోడుగా మొదటి అంకంలో ఒక న్యాయమైన విచారణను ముందే చూపించి పెట్టాడని నా నమ్మకం.

ఇక మూడో అంకం మూడో రంగానికి వద్దాం. ఐదు వందల పంక్తుల లోపు నడిచే ఈ ఒక్క రంగంలో, ప్రేమించే భర్తగా అడుగుపెట్టిన ఒథెల్లో హంతకుడిగా బయటికి వెళ్తాడు. ఇయాగో మొదట్లో ఏ నేరమూ మోపడు. మీ పెళ్లికి ముందు మీ ప్రేమ సంగతి కాసియోకు తెలుసా అని అడుగుతాడు. తెలుసు, మా మధ్య కబుర్లు మోసింది అతనే అంటాడు ఒథెల్లో. ఓహో అని ఆగిపోతాడు ఇయాగో. ఎందుకలా అన్నావని గుచ్చితే, ఒథెల్లో మాటనే తిప్పి అతనికి అప్పజెబుతాడు. చెప్పడానికి ఏదో ఉంది, చెప్పడం లేదు అన్న భ్రమ పుట్టించడమే అతని పనితనం. ఆ ఖాళీని నింపుకునేది ఒథెల్లోనే. పైగా అసూయ మహా చెడ్డది, దాని జోలికి పోకండని హెచ్చరించేదీ ఇయాగోయే.

ఆ తర్వాత రెండు దెబ్బలు కొడతాడు. మా వెనిస్ ఆడవాళ్ల సంగతి నాకు తెలుసు, మొగుళ్లకు తెలియనివ్వని పనులు దేవుడికి మాత్రం తెలుస్తాయంటాడు. ఒథెల్లో యుద్ధాల్లో పెరిగినవాడు, ఆ ఊరి ఇళ్ల లోపలి సంగతులు ఎరగనివాడు. తన రంగు, తన వయసు, సొంపుగా మాట్లాడలేకపోవడం గుర్తొచ్చి అక్కడే కుంగిపోతాడు. పరాయివాడికి ఊరిని వివరించి చెప్పే మనిషి ఇయాగో ఒక్కడే అయ్యాడు. వర్ణవివక్ష ఈ నాటకంలో పనిచేసేది మొదటి రంగంలో వినిపించే తిట్ల కన్నా ఇక్కడ ఎక్కువ. రెండో దెబ్బ, తండ్రిని మోసం చేసి మిమ్మల్ని కట్టుకుందిగా అనడం. సెనేటులో ఓడిపోయి వెళ్తూ బ్రబాన్షియో విసిరిన మాట అదే. ఏ తెగువతో ఆమె తనకోసం ఇల్లు విడిచి వచ్చిందో ఆ తెగువే ఇప్పుడు ఆమె మీద సాక్ష్యమైపోయింది.

ఒథెల్లో రుజువు అడగడని కాదు. గొంతు పట్టుకుని మరీ అడుగుతాడు, కళ్లకు కనబడే రుజువు కావాలంటాడు. ఇయాగో ఇచ్చేది ఏమిటి? కాసియో నిద్రలో ఏదో కలవరించాడన్న కథ. తర్వాత ఒక చేతిరుమాలు. తొలి కానుకగా ఒథెల్లో ఇచ్చిన, స్ట్రాబెర్రీ పళ్ల బొమ్మలు కుట్టిన రుమాలు అది. ఒథెల్లో తలనొప్పి అంటే డెస్డెమోనా దానితో కట్టబోతుంది, అతను తోసేస్తే జారి కింద పడుతుంది. ఇయాగో భార్య ఎమీలియా తీసి మొగుడికి ఇస్తుంది, ఇయాగో దాన్ని కాసియో గదిలో పడేస్తాడు. 1693లో విమర్శకుడు థామస్ రైమర్ ఒక రుమాలు కోసం ఇంత గొడవా అని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళికి జవాబు రుమాలులోనే ఉంది. సాక్ష్యం ఎంత చిన్నదైతే, ఒక్క ప్రశ్నతో అది తేలిపోవడం అంత తేలిక. ఆ ఒక్క ప్రశ్న పడలేదనే కదా మన బాధ. విశాల్ భరద్వాజ్ 2006లో ఈ కథను ‘ఓంకారా’ సినిమాగా తీసినప్పుడు రుమాలు స్థానంలో నడుముకు పెట్టుకునే నగ పెట్టాడు. వస్తువు మారినా కథ చెక్కుచెదరలేదు.

డెస్డెమోనా తప్పేమీ లేదా అంటే, ఉంది. రుమాలు ఏదని ఒథెల్లో నిలదీసినప్పుడు పోలేదని బొంకుతుంది. అయితే అతను అడిగిన తీరు చూడండి. దాంట్లో మహిమ ఉందని, పోగొట్టుకుంటే సర్వనాశనమని భయపెట్టి అడిగాడు. అది నిజం రాబట్టే ప్రశ్న కాదు, అబద్ధం ఆడించే ప్రశ్న.

నాలుగో అంకంలో ఒథెల్లో చాటున నిలబడి ఇయాగో, కాసియో మాట్లాడుకోవడం చూస్తాడు. వాళ్లు మాట్లాడేది బియాంకా అనే వేశ్య గురించి. కాసియో నవ్వుతాడు. మాటలు ఒథెల్లోకు వినబడవు, నవ్వు కనబడుతుంది, తన భార్య గురించే అనుకుంటాడు. అప్పుడే బియాంకా వచ్చి ఆ రుమాలును కాసియో మీదికి విసిరేస్తుంది. దీని మీది పనితనం చూసి ఇలాంటిదే ఇంకోటి కుట్టిపెట్టమని ఇచ్చావే, నీ గదిలో దొరికింది, ఎవరు వదిలారో తెలియదంటే నమ్మాలా అని మొహం మీదే కడిగేస్తుంది. కోపం వెళ్లగక్కాక, రాత్రి భోజనానికి వస్తే రా అంటుంది. ఆమెకు ఉన్నదీ అసూయే, దానికి కారణమూ అదే రుమాలు. కానీ ఆమె ఎవరిని అడగాలో వాళ్లనే అడిగింది, అందుకే ఆ అసూయ వల్ల ఎవరికీ ఒక్క గీత కూడా పడలేదు. విమర్శకులు బియాంకాను పట్టించుకున్నది తక్కువ. నా మటుకు నాకు ఈ నాటకంలో ఒథెల్లో పక్కన నిలబెట్టి చూడవలసిన మనిషి ఆమే.

ఒథెల్లో ఎమీలియాను అడుగుతాడు. డెస్డెమోనా, కాసియో గుసగుసలాడడం చూశావా, నిన్ను ఎప్పుడైనా బయటికి పంపారా అని. లేదు, ఎప్పుడూ లేదు, ఆమె నిప్పులాంటిదని నా ఆత్మను పణంగా పెట్టి చెబుతానంటుంది. కళ్లతో చూసిన ఒకే ఒక్క సాక్షి ఆమె. తార్చేవాళ్లంతా ఇలాగే అంటారని కొట్టిపారేస్తాడు. తర్వాత డెస్డెమోనాను పిలిచి, నువ్వు కులటవి అంటాడు. ఎవరితో అని ఆమె సూటిగా అడుగుతుంది. ఆ ప్రశ్నకు అతను జవాబు చెప్పడు. ఆ రంగంలో ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ కాసియో పేరు అతని నోట రాదు. చెప్పి ఉంటే కథ అక్కడే ఆగేది.

చెప్పేది చంపడానికి వచ్చిన రాత్రి. రుమాలు కాసియోకు ఇచ్చావంటాడు. ఇవ్వలేదు, అతన్ని పిలిపించి అడగండి అంటుందామె. మొదటి అంకంలో సెనేటును ఒథెల్లో ఏం కోరాడో ఆమె ఇప్పుడు అదే కోరింది. వెనిస్ అతనికి ఇచ్చిన ఆ అవకాశం అతను ఆమెకు ఇవ్వలేదు. కాసియో నోరు మూయించేశామంటాడు. అరగంట ఆగమంటుంది, ఒక్క ప్రార్థన చేసుకోనివ్వమంటుంది. అతను ఆగడు.

ఇయాగో గురించి ఒక్క మాట. తన భార్యకూ ఒథెల్లోకూ ఏదో ఉందని జనం అనుకుంటున్నారని, నిజమో కాదో తనకు తెలియదని, అయినా నిజమే అన్నట్టు నడుచుకుంటానని అతను మొదటి అంకంలోనే తనలో తాను అనుకుంటాడు. అతనూ ఎమీలియాను అడిగినట్టు నాటకంలో ఎక్కడా లేదు. తన రోగాన్నే అతను ఒథెల్లోకు అంటించాడు.

మన పేపర్లలో నెలకోసారైనా ‘అనుమానం పెనుభూతమై’ అన్న శీర్షిక కనిపిస్తుంది. కింద నాలుగు లైన్లలో భార్యను చంపిన భర్త వివరాలు ఉంటాయి. ఆ శీర్షిక నాకు మింగుడుపడదు. భూతం పట్టి చంపిందన్నట్టు చెబితే, ఆ ఇంట్లో నెలల తరబడి ఆమె ఫోను ఎవరు చూశారో, ఎవరి మాట విని ఎవరు తీర్పు చెప్పారో, పుట్టింటివాళ్లకు ఆమె చెబితే సర్దుకుపొమ్మన్నది ఎవరో అన్నీ చీకట్లో ఉండిపోతాయి. ‘ఒథెల్లో’లోనూ అంతే. రాయబారిగా వచ్చిన లొడొవికో ఎదుటే ఒథెల్లో భార్యను కొడతాడు. లొడొవికో నివ్వెరపోతాడు, ఆమెను ఓదార్చమంటాడు, తర్వాత విందు తిని వెళ్తాడు. ఆ రాత్రే ఆమె చచ్చిపోతుంది.

మాట్లాడింది ఎమీలియా ఒక్కతే. హత్య జరిగాక, ఇంటికి పొమ్మని మొగుడు కత్తి దూసినా నోరు మూయదు. రుమాలు తీసి ఇచ్చింది తనేనని అందరి ముందూ చెప్పి, మొగుడి చేతిలోనే చస్తుంది. ఆ తర్వాత ఒథెల్లో కాసియోను అడుగుతాడు, ఆ రుమాలు నీకెలా వచ్చిందని. నా గదిలో దొరికిందంటాడు కాసియో. ప్రశ్నకూ జవాబుకూ పట్టింది ఒక్క క్షణం.

చివరగా నాటకం వేసే విద్యార్థులకు ఒక మనవి. నాలుగో అంకం మూడో రంగంలో డెస్డెమోనా, ఎమీలియా పడుకోబోయే ముందు మాట్లాడుకుంటారు. మొగుళ్లు అనుమానించి కట్టడి చేస్తే, కొడితే, భార్యలకూ వాళ్లలాగే రోషమూ ఇంద్రియాలూ ఉంటాయని ఎమీలియా అంటుంది. 1622లో అచ్చయిన తొలి ప్రతిలో ఆమె మాటల్లో పెద్ద భాగం లేదు, అక్కడ డెస్డెమోనా పాడే పాటా లేదు. 1623 నాటి ఫోలియో ప్రతిలో రెండూ ఉన్నాయి. ప్రదర్శనల్లోనూ నిడివి తగ్గించాలంటే ముందు కత్తెర పడేది ఈ రంగం మీదే. మీరు ఆ పని చేయకండి. ఆ ఇద్దరు ఆడవాళ్లనూ పూర్తిగా మాట్లాడనివ్వండి. సమయం చాలకపోతే ఇయాగో స్వగతాల్లో కొంత తీసేయండి. అతనికి ఈ నాటకంలో ఒథెల్లో కన్నా ఎక్కువ పంక్తులే ఉన్నాయి.