ఎవరి తాలూకు అమ్మాయివి?

(ఒక మహిళా కళాశాలలో కామర్స్ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకుల్లో, పెద్ద ఫైనాన్స్ కంపెనీల్లో, పేరున్న ఆడిట్ సంస్థల్లో ఇంటర్న్‌షిప్ ఎలా సంపాదించుకోవాలో చెప్పమని మీ లెక్చరర్‌గారు నన్ను పిలిచారు. నేను కామర్స్ చెప్పేదాన్ని కాదు, సోషియాలజీలో పరిశోధన చేసేదాన్ని. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే నేనూ మీలాగే ఒకప్పుడు కామర్స్ విద్యార్థినిని. ఎందుకు వదిలేశానో ముందు చెబుతాను.

2000లో నేను బి.కాం. పాసయ్యాను. మా పెదనాన్న కొడుకు, నాకంటే మూడు నెలలు పెద్ద, అదే ఏడు పాసయ్యాడు. మార్కులు నాకే ఎక్కువ. ఇద్దరికీ సి.ఏ. చదవాలని కోరిక. ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేయాలి కదా, మా నాన్న నన్ను మా ఊళ్ళో ఒక ఆడిటర్‌గారి దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన కాఫీ తెప్పించాడు. 'ఎవరి తాలూకు?' అని అడిగాడు. తర్వాత చాలా మర్యాదగానే, 'ఆడిట్ అంటే మిల్లులకీ గోడౌన్లకీ తిరగాలండీ, రాత్రి పొద్దుపోతుంది. ఆడపిల్ల బాధ్యత ఎవరు తీసుకుంటారు? బ్యాంకు పరీక్షలు రాయించండి' అన్నాడు. మా నాన్న ఆయనకు దండం పెట్టి లేచాడు. అదే నెలలో మా అన్నయ్య అక్కడే చేరాడు. మా పెదనాన్నా ఆ ఆడిటర్‌గారూ ఒకే క్లబ్బులో పేకాడేవాళ్ళు.

మా అన్నయ్య మీద నాకు కోపం లేదు. అతను కష్టపడి చదివాడు. ఈరోజు అతని ఆఫీసులో ముగ్గురమ్మాయిలు ఆర్టికల్స్ చేస్తున్నారు, గోడౌన్లకు కూడా వెళుతున్నారు. గోడౌన్లేమీ కూలిపోలేదు. మద్రాసులో ఆర్. శివభోగం 1933లోనే అకౌంటెన్సీ పరీక్ష నెగ్గి, దేశంలో తొలి మహిళా అకౌంటెంటుగా పేరు తెచ్చుకున్నారు. అంతకుముందు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు కూడా వెళ్ళారు. ఈ సంగతి ఆరోజు నాకు తెలిసివుంటే అంత నిశ్శబ్దంగా కాఫీ తాగి వచ్చేదాన్ని కాదేమో.

'ఎవరి తాలూకు?' అన్న ప్రశ్నను మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. అందులో ఊరుంది, ఇంటిపేరుంది, కులముంది, తండ్రి హోదా ఉంది. ఇంటర్న్‌షిప్ విషయంలో ఈ ప్రశ్న పైకి వినబడదు. 'ఏ కాలేజీ?', 'ఎవరు రిఫర్ చేశారు?', 'ఇంగ్లీషు బాగా మాట్లాడుతుందా?' అని అడుగుతారు. అడిగేది మాత్రం అదే.

ఇది మన దేశానికే పరిమితం కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఉద్యోగాల సమాచారం దగ్గరి బంధువులకంటే దూరపు పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని అందులో చూపించాడు. లారెన్ రివెరా అనే పరిశోధకురాలు పెట్టుబడి బ్యాంకులూ కన్సల్టింగ్ కంపెనీలూ లా సంస్థలూ కొత్తవాళ్ళను ఎలా ఎంచుకుంటాయో దగ్గరినుంచి చూసి, 2015లో 'పెడిగ్రీ' అనే పుస్తకం రాసింది. ఆ సంస్థలు పేరున్న కొద్ది యూనివర్సిటీలకే వెళతాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు తమలాంటి ఆటలూ సరదాలూ ఉన్నవాళ్ళనే ఇష్టపడతారు. దానికి 'ప్రతిభ' అని పేరు పెడతారు.

ఇప్పుడు మనవైపు చూడండి. దూరపు పరిచయాలు ఎక్కడ ఏర్పడతాయి? టీకొట్టు దగ్గర, క్లబ్బులో, క్రికెట్ గ్రౌండులో, రాత్రి పదింటిదాకా బయట తిరిగేచోట. 'కాలేజీ అవగానే నేరుగా ఇంటికి రా' అని పెంచిన అమ్మాయికి ఆ పరిచయాలు ఎలా కలుగుతాయి? బుద్ధిగా ఉండమని మనకు నేర్పారు. ఆ బుద్ధిమంతనమే మన సమాచారాన్ని తెంపేసింది.

రెండోది డబ్బు. స్టైపెండ్ లేకుండా రెండు నెలలు హైదరాబాదులోనో ముంబయిలోనో ఉండాలంటే హాస్టలు, తిండి, ప్రయాణం ఎవరు భరించాలి? కొడుకైతే 'పెట్టుబడి' అంటారు, కూతురైతే 'ఖర్చు' అంటారు. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 రూపాయలు, ఒకేసారి మరో 6,000 ఇస్తామన్నారు. అసలేమీ ఇవ్వనిచోటికంటే అది నయమే. కానీ నగరంలో ఒక ఆడపిల్ల క్షేమంగా ఉండే హాస్టలుకు ఆ 5,000 ఏ మూలకొస్తుంది? హాస్టలు గురించి ఆలోచించకుండా అవకాశం ఇచ్చామనడం తలుపు తెరిచి మెట్లు తీసేయడమే.

మూడోది అనుమతి. నాకు తెలిసిన ఒక విద్యార్థినికి నగరంలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇంటర్వ్యూ పెట్టి, ఎంపిక చేసింది. ఆమెకు తెలిసినవాళ్ళెవరూ లేరు, సొంతంగా సంపాదించుకుంది. ఇంట్లో వాళ్ళు, 'పెళ్ళిచూపులు పెట్టుకున్నాం, ఈ రెండు నెలలూ ఎక్కడికీ వద్దు' అన్నారు. పెళ్ళి కుదరలేదు. ఇంటర్న్‌షిప్ కూడా పోయింది. ఈ నష్టం ఏ లెక్కల్లోకీ ఎక్కదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ కంపెనీలే లేని ఊళ్ళో తప్పనిసరి అంటే ఏమవుతుంది? సర్టిఫికెట్లు కొనుక్కోవడం మొదలవుతుంది. దయచేసి మీరు ఆ పని చేయకండి. కొన్న కాగితం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే చిరిగిపోతుంది. మీ ఊళ్ళో సహకార బ్యాంకులో నిజంగా రెండు నెలలు పనిచేసి, పొదుపు సంఘాల అప్పులు ఎలా తిరిగొస్తున్నాయో రాసుకున్న అమ్మాయి దగ్గర చెప్పడానికి మాట ఉంటుంది.

మరి, సిఫారసు అడగని తలుపులు లేవా అంటే, ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ఏటా వేసవిలో విద్యార్థులను తీసుకుంటుంది. కామర్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మేనేజిమెంట్‌లలో పి.జి. లేదా అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు చదివేవాళ్ళూ, లా చదివేవాళ్ళూ దరఖాస్తు పెట్టవచ్చు. రెండేళ్ళ పి.జి.లో అయితే మొదటి సంవత్సరం వాళ్ళకు అవకాశం. స్టైపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తులు అక్టోబరు మధ్యనుంచి డిసెంబరు మధ్యదాకా తీసుకుంటూ వస్తున్నారు. వేసవికి సంబంధించిన పని దసరా దీపావళి రోజుల్లోనే మొదలవుతుందన్నమాట. పెద్ద కంపెనీలు కూడా ఇలా చాలా నెలల ముందే ఎంచుకుంటాయి. ఏప్రిల్‌లో వెతకడం మొదలుపెట్టేవాళ్ళకు మిగిలేది తక్కువ.

సి.ఏ. వైపు వెళ్ళేవాళ్ళకు 2023 జూలైనుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళనుంచి రెండేళ్ళకు తగ్గింది. కనీస స్టైపెండ్ ఎంతో ఊరి జనాభానుబట్టి ఇన్‌స్టిట్యూట్ నిబంధనల్లోనే ఉంది. అది ఆడిటర్ దయ కాదు, మీ హక్కు. ఖాళీలు ప్రకటించే పోర్టలు కూడా ఇన్‌స్టిట్యూటే నడుపుతోంది. పేకాట క్లబ్బు అవసరం లేదు.

దరఖాస్తులో మీ గురించి తక్కువ చేసి రాసుకోకండి. నాన్న కిరాణా కొట్టు లెక్కలు మూడేళ్ళుగా చూస్తున్న అమ్మాయి బయోడేటాలో 'అనుభవం లేదు' అని రాస్తుంది! జి.ఎస్.టి. రిటర్ను దాఖలు చేయడం అనుభవం కాదా? ఇంట్లో చేసింది కాబట్టి, ఆడపిల్ల చేసింది కాబట్టి అది పనిలా కనబడటం లేదు. స్త్రీల శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం గురించి మనం ఎంతకాలంగానో మాట్లాడుతున్నాం. కనీసం మన బయోడేటాలో మనమైనా లెక్కపెట్టుకోవాలి.

చేరేముందు మూడు విషయాలు కాగితంమీద అడగండి: పని ఏమిటి, వేళలేమిటి, డబ్బెంత. అడిగితే పొగరనుకుంటారేమోనని భయపడకండి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణ పొందేవాళ్ళకు కూడా వర్తిస్తుంది, జీతం తీసుకోకుండా పనిచేసేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. 'నువ్వు ఉద్యోగివి కాదుగా' అనే మాట ఈ చట్టం ముందు చెల్లదు. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చిన్న ఆడిట్ ఆఫీసుల్లో అంతమంది ఉండరు. అప్పుడు జిల్లాలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. మంచి సర్టిఫికెట్ ఇవ్వడం ఆయన చేతిలో ఉందని నోరు మూసుకునే పరిస్థితి మీకు రాకూడదు. మీ కాలేజీ కూడా మీ వెనక నిలబడాలి.

చివరగా, ఇది ఒక్కొక్క అమ్మాయి తెలివితేటలతో తీరే సమస్య కాదు. మీ డిపార్టుమెంటులో ఈరోజే ఒక రిజిస్టరు పెట్టండి. ఎక్కడ చేశారు, ఎంత ఇచ్చారు, ఎలా చూశారు, ఏ హాస్టల్లో ఉన్నారు, ఎవరిని అడగాలి - చేసివచ్చిన ప్రతి అమ్మాయీ అందులో రాయాలి. మగపిల్లలకు టీకొట్టు ఇచ్చేదాన్ని మీకు ఆ రిజిస్టరు ఇస్తుంది. నేను ఏ ఇంటర్న్‌షిప్పూ చేయలేదు కాబట్టి మొదటి పేజీ నేను రాయలేను. మా అన్నయ్య ఆఫీసులో ఉన్న ముగ్గురమ్మాయిలనూ వచ్చే నెలలో తీసుకొస్తాను. వాళ్ళు రాస్తారు. రెండో పేజీ మీది.