కెప్టెన్ల ఊరు చెప్పిన పాఠం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో ఉంటోంది. కిందటి వేసవిలో నేనూ, మా ఆవిడా అక్కడ రెండు నెలలు ఉండి వచ్చాం. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను నగరం సంగతి వదిలి, క్యాస్ము అనే చిన్న పల్లె గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తాలిన్‌కు తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున, పైన్ అడవిని ఆనుకుని ఉందా ఊరు. అన్నీ చెక్క ఇళ్ళు, చాలావాటికి తెల్లరంగు. మంచుయుగంలో హిమానీనదాలు మోసుకొచ్చి వదిలిన పెద్ద పెద్ద బండలు అడవిలోనూ, నీళ్ళలోనూ కనిపిస్తాయి. జూన్‌లో రాత్రి పదయినా ఎండ పోదు. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక మా ఆవిడ తికమకపడింది.

దానికి 'కెప్టెన్ల ఊరు' అని పేరు. 1884 నుంచి 1931 వరకు అక్కడ నావికుల బడి నడిచింది. ఆ రోజుల్లో ఇంటికొక కెప్టెన్ ఉండేవాడని చెప్పుకుంటారు.

తరువాత యుద్ధం వచ్చింది. 1944లో సోవియట్ సైన్యం తిరిగి వస్తోందని ఎస్టోనియా తీరాల నుంచి వేలాదిమంది పడవలెక్కి స్వీడన్‌కు తరలిపోయారు. ఆపైన తీరమంతా సరిహద్దు మండలమైంది. బయటివారు రావాలంటే అనుమతి పత్రం కావాలి. పడవ తీయాలంటే కాపలావారి అనుమతి కావాలి. సముద్రం వాకిట్లోనే ఉన్నా, సముద్రమే బతుకైన వారికి అది పరాయిదైపోయింది.

1991లో దేశానికి తిరిగి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సరిహద్దు కాపలావారి భవనంలోనే 1993లో సముద్ర మ్యూజియం వెలసింది. ఓడల సామాన్లు, పాత ఫొటోలు, నావికులు వాడిన వస్తువులు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఎందుకంటే, ప్రయాణానికి ముందు ఇల్లు సర్దుతూ, ముప్పై నాలుగేళ్ల నా సర్వీసు డైరీలన్నీ పాత కాగితాలవాడికి కిలోల లెక్కన అమ్మేశాను. వచ్చిన సొమ్ము ఒక పూట కూరలకు సరిపోయింది. ఆ అద్దాల బీరువాల ముందు నాకు సిగ్గువేసింది.

మిత్రులారా! మీ ఇళ్ళలో నియామకపు ఉత్తర్వులు, ఆఫీసు ఫొటోలు, పాత డైరీలు ఉంటే పారేయకండి. మన సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగా ఉంది. పిల్లలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.