పాత పాటకు కొత్త ముద్ర
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "ఈ దేశపు సంగీతంలో నేటి పోకడలు". మొదట ఇరవై నిమిషాలన్నారు. తరువాత పిల్లల కూచిపూడి ఉంది కనుక పదిహేనన్నారు. త్యాగరాజస్వామివారి గురించి మాట్లాడతానని కొందరు అనుకొని ఉంటారు. ఆ పని నాకంటె బాగా చేయగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను మాట్లాడబోయేది అమెరికాలో నల్లజాతివారు సృష్టించిన సోల్, ఫంక్ అనే సంగీతాల గురించి, వాటి పాత రికార్డులు మళ్ళీ కొత్తగా ముద్రితమై వస్తున్న సంగతి గురించి. చివరకు మన ఇళ్ళ అటకల దగ్గరకు వస్తాను. కాస్త ఓపిక పట్టమని మనవి.

నేను ఈ షెఫీల్డు వచ్చింది 1974లో. ఆసుపత్రిలో కుర్ర డాక్టరుని. రాత్రి డ్యూటీ ముగించుకొని ఆదివారం పొద్దున్నే నడిచి వస్తుంటే, వెడల్పాటి లాగూలు తొడుక్కొన్న కుర్రాళ్ళు, పొడుగు గౌన్ల అమ్మాయిలు, చేతిలో చిన్న సంచులతో, చెమటతో తడిసి, వడలిపోయి ఎదురయ్యేవారు. తాగి వస్తున్నారనుకొని పక్కకు తప్పుకొనేవాణ్ణి. మా వార్డులో పనిచేసే ఒక పెద్దాయన నవ్వి, "వాళ్ళు తాగలేదు డాక్టరుగారూ, రాత్రంతా నాట్యం చేసి వస్తున్నారు. సోల్" అన్నాడు. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం చెప్పుల అడుగుభాగం ఒక్కటే. తరువాత తెలిసింది, అదీ పూర్తిగా తప్పు కాదని. తోలు అడుగుల బూట్లు వేసుకొని, క్యారమ్ బల్ల మీద మనం చల్లినట్టు నేల మీద పౌడరు చల్లి, జారుతూ గిర్రున తిరిగేవారట. సంచిలో మార్చుకోవడానికి ఇంకొక చొక్కా.

సోల్ అంటే ఆత్మ అని మీకు చెప్పనక్కరలేదు. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలిస్తే సోల్ అయింది. అదే పాటలో రాగం తగ్గించి దరువు పెంచి, ఆవృత్తంలో మొదటి దెబ్బ మీద బరువంతా వేస్తే ఫంక్. మనవాళ్ళు సమం మీదికి వచ్చి పడినప్పుడు సభలో తల ఊగుతుంది చూడండి, ఆ సుఖం కోసమే జేమ్స్ బ్రౌన్ పాట మొత్తం కట్టాడు. ఇక గ్రూవ్ అనే మాట. దానికి మన భాషలో గాడి అన్నది సరిగ్గా సరిపోతుంది. రికార్డు మీద సూది నడిచేదీ గాడే, పాట కుదురుకొన్నప్పుడు పడేదీ గాడిలోనే.

ఈ ఉక్కు ఊరికి డెట్రాయిటు పాటతో ఏం పని అని అడగవచ్చు. అక్కడ కార్ల ఫ్యాక్టరీలు, ఇక్కడ ఉక్కు కొలుములు. వారమంతా యంత్రం కొట్టే దరువుకు పనిచేసినవాడు శనివారం రాత్రి తన దరువు తాను వెతుక్కొంటాడు కాబోలు. 1964లో ఈ ఊరివాడే అయిన పీటర్ స్ట్రింగ్‌ఫెలో పిట్స్‌మూరులో మోజో అనే క్లబ్బు తెరిచాడు. ఐక్, టీనా టర్నరులు అక్కడ పాడారు. 1967 జనవరిలో జిమి హెండ్రిక్స్ వాయించాడు. ఆ ఏడాదే అది మూతపడింది. 1970లలో సమాంథాస్ అనే క్లబ్బులో రాత్రంతా ఆటలు సాగేవి. నాకు ఎదురైన పిల్లలు అక్కడినుంచే వస్తుండేవారేమో.

ఆ పాటల వ్యవహారం విచిత్రమైనది. వారికి కావలసినవి హిట్టయిన పాటలు కావు. అమెరికాలో 1960లలో విడుదలై, ఎవరూ కొనక, గోదాముల్లో మూలుగుతున్న 45 స్పీడు రికార్డులు కావాలి. ఎంత అరుదైతే అంత గొప్ప. ఒక డీజే దగ్గర ఉన్న రికార్డు ఇంకొకడికి తెలియకూడదని దాని లేబులు మీద తెల్లకాగితం అంటించి, దొంగ పేరు ఒకటి చెప్పి వేసేవారు. ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో మోటౌన్ సంస్థకు ఒక పాట పాడాడు. విడుదలకు ముందే ఆపేశారు. మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టదగిన కాపీలు. అది ఈ దేశానికి చేరి, ఎడ్డీ ఫాస్టరనే మరొకరి పేరుతో జనాన్ని ఊపేసింది. 1979లో మోటౌన్ వారే ఇక్కడ అసలు పేరుతో మళ్ళీ విడుదల చేశారు. మొదటి ముద్రలో ఒక కాపీ 2009లో పాతికవేల పౌండ్లు దాటి పలికింది, 2020లో లక్ష పౌండ్లు. అంత విలువ చేసిన గొంతు సొంత పేరు లేకుండా ఇన్నేళ్ళు తిరిగిందన్నది నాకు ఆ లక్ష కంటె ఎక్కువ ఆలోచించవలసిన సంగతిగా తోస్తుంది.

దీనికి ఎదురు దారిలో నడిచిన మనిషి ఒకడు మన ఊళ్ళోనే ఉండేవాడు. పేరు డేవ్ గోడిన్. పుట్టింది 1936లో లండనులో. డార్ట్‌ఫర్డు బడిలో తనకంటె చిన్నవాడైన మిక్ జాగరుకు నల్లవారి సంగీతం చవి చూపించినది ఈయనే. మోటౌన్ పాటలకు ఈ దేశంలో అభిమాన సంఘం పెడితే, 1964లో బెరీ గోర్డీ ఆయనను డెట్రాయిటు పిలిపించుకొన్నాడు. తరువాత లండనులో సోల్ సిటీ అనే దుకాణం పెట్టాడు. ఫుట్‌బాల్ ఆటలు చూడటానికి ఉత్తరాదినుంచి వచ్చిన కుర్రాళ్ళు కొత్త ఫంకు రికార్డులు వద్దని, వేగంగా సాగే పాతవే అడిగేవారట. వాళ్ళకు ఏవి చూపించాలో గుమాస్తాలకు తెలియడానికి ఆయన వేసిన గుర్తు "నార్తరన్ సోల్". 1970లో పత్రికలో రాశాడు, అంతే, ఆ పేరు నిలిచిపోయింది.

తరువాత ఆయన చదువుకోవడానికి షెఫీల్డు పాలిటెక్నిక్కుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మన పురపాలక సంఘం 1983 నుంచి 1990 వరకు నడిపిన యాన్విల్ సినిమా హాలు వెనుక ఉన్నది ఆయన పట్టుదలే. యాన్విల్ అంటే కమ్మరి దాగలి, ఈ ఊరికి తగిన పేరు. మరుగునపడిన నెమ్మది పాటలను, గుండె కోసే పాటలను, ఏరి 1997 నుంచి 2004 దాకా నాలుగు సంకలనాలుగా కెంట్ సంస్థ ద్వారా వెలువరించాడు. వాటికి "డీప్ సోల్" అన్న పేరూ ఆయన పెట్టినదే. నాలుగోది వచ్చిన ఏడాదే, 2004 అక్టోబరులో, కన్నుమూశాడు. పత్రికలో ఆ వార్త చదివి నేను తెల్లబోయాను. ఒకే ఊళ్ళో ఇరవై ఏళ్ళు పైగా ఉన్నాం. కూరగాయల అంగట్లో ఆయన పక్కనే నిలబడి వంకాయలు ఏరుకొన్నానేమో కూడా. (ఆయనా శాకాహారే.)

ఆ సంకలనాలతో పాటు వచ్చే చిన్న పుస్తకాలు చూడండి. పాడినదెవరు, రాసినదెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ చిన్న కంపెనీ – ఒక్కొక్క పాటకూ రాసి ఉంటుంది. బెస్సీ బ్యాంక్స్ అనే ఆమె 1964లో ఒక పాట పాడింది. ఈ దేశపు మూడీ బ్లూస్ వారు అదే పాట పాడి, 1965లో మొదటి స్థానానికి ఎక్కారు. ఈ దేశంలో చాలామందికి ఆ పాట అనగానే మూడీ బ్లూస్ తప్ప ఆమె గుర్తు రాదు. మంచి పునర్ముద్రణ ఆ లెక్క సరిచేస్తుంది. చెడ్డ పునర్ముద్రణలూ బోలెడున్నాయి, అరిగిన రికార్డునుంచి పాట ఎత్తి, రంగు అట్ట వేసి, ఎవరికీ కానీ ఇవ్వకుండా అమ్ముకొనేవి. అట్ట చూసి మోసపోకండి, లోపలి కాగితం చదవండి.

కొత్త పాటలూ వస్తున్నాయి, రాకపోలేదు. న్యూయార్కులో షారన్ జోన్స్ అనే ఆమె చెరసాలలో కాపలా ఉద్యోగం కూడా చేసి, నడివయసులో 2002లో మొదటి ఆల్బం తెచ్చింది. 2016లో పోయేవరకు పాడింది. లీడ్సులో న్యూ మాస్టర్‌సౌండ్స్ వారు పాత పద్ధతి ఫంకే వాయిస్తూ వచ్చారు. ఆస్ట్రేలియాలో గ్లాస్ బీమ్స్ అనే బృందం నాయకుడు ఇండియానుంచి వచ్చిన తన తండ్రి రికార్డులు విని పెరిగినవాడు. వాళ్ళ 2024 నాటి "మహల్" వినండి, మన వాద్యాల వాసన తగులుతుంది. వీటిని మన మనవలు నాకంటె బాగా ఎరుగుదురు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో గిటారు వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువులో యంత్రాలమీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పట్టించుకొన్నవారు లేరు. 2010లో ఒక డచ్చి ఆయన దాన్ని మళ్ళీ ముద్రించాడు. ముసలితనంలో ఆయన యూరపు వేదికలెక్కి, 2015లో పోయాడు. కలకత్తా అమ్మాయి రూపా బిశ్వాస్ కెనడాలో అన్నగారింటికి వెళ్ళి, అక్కడ సరోదు విద్వాంసుడు ఆశిష్ ఖానుతో కలిసి 1982లో ఒక డిస్కో రికార్డు చేసింది. అది అమ్ముడుపోలేదు. ఆమె గృహస్థురాలై మరిచిపోయింది. దాన్ని ప్రపంచం వెతుకుతోందని ఎన్నో ఏళ్ళకు కొడుకు కనిపెట్టి చెప్పాడు. 2019లో షికాగోలోని న్యూమెరో గ్రూపు వారు పునర్ముద్రించారు. ఇళయరాజా తమిళ పాటలను ఫైండర్స్ కీపర్స్ అనే ఈ దేశపు సంస్థే సంకలనంగా తెచ్చింది. మన "దళపతి" పాటలో ముక్క 2007లో ఎం.ఐ.ఏ. పాటలో వినిపించింది.

మరి తెలుగు? "దేవుడు చేసిన మనుషులు" 1973లో వచ్చింది. అందులో రమేష్ నాయుడు కట్టగా ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాట తెలియనివారు ఈ హాల్లో ఉండరు. చక్రవర్తి 1970లలో, 80లలో కట్టిన పాటలలో డ్రమ్మూ బేసు గిటారూ చేసే అల్లరి ఏ ఫంకు రికార్డుకు తీసిపోతుంది? అయితే లేబులు చూడండి. పాడినవారు, రాసినవారు, సంగీతం. అంతే. డ్రమ్ము ఎవరు, బేసు ఎవరు అన్నది ఉండదు. డెట్రాయిటులోనూ ఇదే కథ. ఎన్నో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ ప్రభృతుల పేర్లు 1971లో మార్విన్ గే ఆల్బం వచ్చేవరకు అట్ట మీద లేవు. 2002లో వారిమీద సినిమా తీసేనాటికి జేమర్సన్ పోయి పంతొమ్మిదేళ్ళయింది.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. మా ఆవిడ 1976లో ఈ దేశం వచ్చినప్పుడు చీరల మడతల మధ్య పెట్టి పదకొండు ఈ.పి. రికార్డులు తెచ్చుకొంది. ఆమె అన్నగారు మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాలలో బేసు గిటారు వాయించేవారు. ఏ అట్ట మీదా ఆయన పేరు లేదు. చలికాలం సాయంత్రాలు రికార్డు వేసి, "ఇదిగో, ఇక్కడ అన్నయ్య" అని వేలు ఎత్తేది. ఇంటికి సి.డి.లు వచ్చాక, 1998లో, అటక సర్దుతూ నేను ఆ పెట్టె ఒక ధర్మ దుకాణానికి ఇచ్చేశాను. ఆమెను అడగలేదు. అడగవలసిన వస్తువని తోచలేదు. బావగారు 2009లో పోయారు. ఆయన ఏయే పాటలకు వాయించారో ఎవరమూ కాగితం మీద పెట్టలేదు.

రెండేళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే పాత రికార్డులు అమ్మే ఒక ఆంగ్లేయ కుర్రాడు, మా అబ్బాయికి స్నేహితుడు, ఒక తెలుగు ఈ.పి. పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మాదేమోనని గుండె కొట్టుకొంది. కాదు. అట్ట వెనుక పెన్సిలుతో "వదినకు, పెళ్ళిరోజు, 1978" అని ఉంది. మనలోనే ఎవరో ఒకరి ఇల్లు. ఆ రాత ఏమిటని అతను అడిగాడు, చెప్పాను. తరువాత బేసు ఎవరని అడిగాడు. నేను మా ఆవిడ మొహం చూశాను. ఆమె కళ్ళు మూసుకొని రెండుసార్లు విని, "అన్నయ్య కాదు. అన్నయ్య అయితే పల్లవి తిరిగేచోట ఒక్క దెబ్బ ఆలస్యంగా వేస్తాడు" అంది. ఆ కుర్రాడు అది రాసుకొన్నాడు. ఆ పెట్టె నేను ఇచ్చివేయకుండా ఉంటే అతను ఎన్ని పేజీలు నింపుకొని ఉండేవాడో అనిపించింది.

చట్టం మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఇండియాలో రికార్డు మీద హక్కు విడుదలైన సంవత్సరం తరువాత అరవై ఏళ్ళు. 1964 నాటి రికార్డులకు అది 2024తో తీరింది. పాట రాసినవారి, కట్టినవారి హక్కు వేరే లెక్క, వారు పోయిన తరువాత మరో అరవై. కనుక ఏటేటా ఒక సంవత్సరపు తెలుగు రికార్డులు బయటపడతాయి. ఎవరో ఒకరు వాటిని ముద్రిస్తారు, బహుశా ఈ దేశంలోనే ముద్రిస్తారు. లోపలి కాగితం మీద ఏం రాయాలో వారికి చెప్పగలిగినవారు ఇప్పుడు డెబ్బయి దాటి ఉన్నారు.

అందుచేత సంఘం అనుమతితో ఒక ఏర్పాటు చేశాము. టీ విరామంలో పక్క గదిలో 45 స్పీడు గ్రామఫోను ఉంటుంది. కొత్త సూది వేయించాను. మీ దగ్గరున్న రికార్డులు, కాసెట్లు, గీతలు పడ్డవైనా సరే, ఈ రోజు కాకపోతే వచ్చే నెల సమావేశానికి తీసుకొని రండి. ఎవరివి వారికే ఇస్తాము, ఒక్కటీ మా ఇంటికి పట్టుకెళ్ళను, నా మీద నమ్మకం లేకపోవడం సహజమే. మా ఆవిడ అక్కడే కూర్చొని ఉంటుంది. మద్రాసు స్టూడియోలలో పనిచేసిన బంధువులున్నవారు ఆమె పక్కన కూర్చోండి. కాగితం, పెన్సిలు నేను పెడతాను. "వదినకు" అని రాసినవారు ఈ సభలో ఉంటే ముందుగా నాతో ఒక్క మాట చెప్పండి. ఆ రికార్డు ఇంకా అమ్మలేదట.