కరెంటు తీగకు కన్ను లేదు

రైతు సోదరులారా! శ్రావణమాసపు పొలాల అమావాస్యనాడు ఎడ్లను వాగులో కడుగుతాం. కొమ్ములకు రంగు పూసి, బొట్టు పెట్టి, నైవేద్యం తినిపిస్తాం. ఆనాడు వాటి మెడమీద కాడి పెట్టం. నోరులేని జీవికి మనం ఋణపడి ఉన్నామని ఒప్పుకొనే పండుగ గదా అది!

మరి ఆ చేతులతోనే రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ గుంజడం ఏం ధర్మం?

"అడవిపందులు మక్కచేను తొక్కిపోతే మా ఇల్లెట్ల గడుస్తది?" అని మీరడుగుతారు. న్యాయమైన మాటే. కాసిపేట చుట్టుపక్కల అడవి అంచు చేన్లకు ఈ బాధ ఉన్నది. పంట కాపాడుకోవడం తప్పని ఎవరూ అనరు.

కాని తీగకు కన్ను లేదు. పందికని పెట్టినది పక్కింటి ఆవును చంపుతుంది. తెల్లవారకముందే చేనుకు వచ్చిన మనిషినీ చంపుతుంది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి మనకు దగ్గరిదే. దారి తప్పి వచ్చిన పులి ఆ తీగ తగిలి చచ్చిందనుకోండి, పందులను తినే జంతువును మనమే పోగొట్టుకున్నట్లు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలు తప్పదు.

మరేం చేయవలె? మంచె వేసుకొని, ఇరుగుపొరుగు చేన్లవారు వంతులవారీగా కావలి కాయండి. స్తోమత ఉంటే సౌర కంచె వేయించండి. సరిగా అమర్చినది క్షణంపాటు కొట్టి బెదిరిస్తుందే గాని ప్రాణం తీయదు. దానిని కరెంటు లైనుకు మాత్రం తగిలించవద్దు. పంట పోతే వెంటనే అటవీశాఖకు అర్జీ పెట్టండి.

వచ్చే అమావాస్యకు ఎద్దు కాళ్లకు మొక్కేముందు, మీ గెట్టున తీగ లేదని చూసుకోండి.